పేరొద్దన్న రూలు

మంగళవారం

రెండు రోజుల బంద్ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు లేచాయి. మా కోచింగ్‌లో ఇంగ్లిష్ క్లాసూ జరిగింది. బోర్డు మీద ఆరోగెంట్, కన్సీటెడ్, స్నాబ్ అని రాశాను. మొదటి రెండింటికీ పొగరు, గీర, మిడిసిపాటు అని పిల్లలు తలా ఒకటి చెప్పారు. స్నాబ్ దగ్గర అందరూ ఆగిపోయారు. సరిపోయే తెలుగు మాట నాకూ తట్టలేదు.

"మాట రాకపోతే, ఎదుటివాళ్లని తనకన్నా తక్కువగా చూసే అలాంటి మనిషి గురించి చెప్పండి. పేరు మాత్రం వద్దు," అన్నాను. నా క్లాసులో ఎప్పుడూ ఉన్న రూలే.

నల్గొండ పిల్ల స్వరూప లేచింది.

"ఒకామె ఎల్బీనగర్ల మా ఇంటికొచ్చింది మేడం. మా అమ్మ కొత్త కప్పు తీసి చాయ్ ఇచ్చింది. 'ఇప్పుడే తాగొచ్చిన' అన్నది. ఆమె పోయినంక అమ్మ పాలకు పోతే, గల్లీ మూలకున్న హోటల్ల చాయ్ తాగుకుంట కనబడ్డదంట. గా కప్పు మళ్ల ఎవ్వరికీ పెట్టలే."

"ఎవరే?" అని వెనక బెంచీ నుంచి అడిగారు.

"పేరొద్దన్నరు గద," అని కూర్చుంది. నా వైపు చూడలేదు.

సాయంత్రం టీవీలో ఉద్యమం వార్తలు చూస్తూ మావారు, "గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. మనమంటే వీళ్లకింత కోపమెందుకో," అన్నారు. రోజూ నేనే ఎత్తే మాట అది. ఇవాళ ఊ కొట్టలేకపోయాను.

డైరీకి ఆ రూలు లేదు. ఆ ఒకామె నేనే.

కప్పు శుభ్రంగానే ఉంది.