తడ ఎంతసేపు

అక్కా,

నువ్వు జాన్‌తో వెళ్లిపోయాక నీ మంచం మీద నేనే పడుకుంటున్నాను. అమ్మ వద్దనలేదు.

నాయుడుపేటలో ఉండే సుఖం గురించి నువ్వే చెప్పేదానివి. "నెల్లూరు, తిరుపతి, చెన్నై, ఎటు పోవాలన్నా చెయ్యెత్తితే బస్సు." నీ బ్యాగు నేను మోసుకొచ్చి నిన్ను ఎక్కించిన రోజు కూడా చెయ్యెత్తగానే ఆగింది.

ఇవాళ పొద్దున అదే బస్సులో మన పూలకొట్టుకి మల్లెల మూట వచ్చింది. మూట దించుతూ కండక్టరన్న నాన్నని పలకరించాడు.

"పెద్దపాప బాగుండాదా అన్నా? ఆ రోజు తడలో దించినా గదా. మొన్న గూడా కనబడింది. స్టాండు వెనక సందులోనే ఇల్లంట."

పాపం, మంచికే అడిగాడు. మనింటి సంగతి ఆయనకేం తెలుసు?

నాన్న వంగి మూట విప్పసాగాడు. "దొరికితే ఇంటికి తీసుకురాను, అక్కడే తేల్చేస్తా" అని ఇన్నాళ్లూ తిరిగిన బాబాయి మాత్రం నవ్వాడు. "టీ తాగిపో అన్నా. ఏ సందో సరిగ్గా చెప్పు" అన్నాడు.

నీ కొత్త నంబరు నాకు చెప్పొద్దని నేనే అన్నాను, రెండు దెబ్బలు పడితే చెప్పేస్తానని. పాత నంబరు స్విచాఫ్. అయినా చేస్తూనే ఉన్నాను. ఇది నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను.

ఇంటికి రాగానే నాన్న నావైపు చూడకుండా గేటుకి లోపల తాళం వేయబోయాడు. "ఆగన్నా, నేను పోయినాక వేసుకో" అని బాబాయి కారు కీస్ తీసుకున్నాడు.

"అన్నం తినిపోరా" అంది నాయనమ్మ.

"వచ్చి తింటాలేమ్మా. హైవే ఎక్కితే తడ ఎంతసేపు?"

ఆమె కంచం మీద మూత పెట్టింది. ఇప్పుడే ముట్టుకుని చూశాను. ఇంకా వేడిగానే ఉంది.