అన్నయ్య చుట్టూ మల్బరీ చెట్లు

చెల్లాయికి, అక్క దీవెనలు.

ఇక్కడ నేను కులాసా. పిల్లి కులాసా. అన్నయ్య మాత్రం అంత కులాసాగా లేడు. అందుకే నేను ఇంకాస్త కులాసాగా ఉన్నాను. నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

మీ బాల్కనీలో ఏ కొమ్మ గుచ్చినా ఎండిపోతోందని రాశావు. పెన్సిలంత లావున్న కొమ్మ చూసుకో. మరీ లేతది వద్దు, మరీ ముదురుదీ వద్దు. జానెడు పొడవుంచి, కణుపుకి కొంచెం దిగువన ఏటవాలుగా కొయ్యి. పైన ఒకటి రెండు ఆకులుంచి మిగతావి తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెట్టు. వేరొచ్చిందా అని పీకి చూడకు. చిగురు వేసిందని మురిసిపోకు కూడా. ఆ మొదటి చిగురు కొమ్మలో మిగిలిన సత్తువతో వస్తుంది, కింద వేరుండదు. నేను అలాగే మోసపోయి మొదటి విడత మొత్తం పోగొట్టుకున్నాను. రెండో విడత నీళ్ళెక్కువై కుళ్ళిపోయింది.

ఇన్ని విడతలు ఎందుకు వేశానో తెలియాలంటే నువ్వడిగిన మిగతా సంగతులకి రావాలి. అమ్మ కిటికీ పక్క మల్బరీ గాలివానకి పడిపోయింది కదా, మొదట్లోంచి మళ్ళీ చిగిర్చిందా అన్నావు. అన్నయ్యా నేనూ పక్క పక్క ఇళ్ళలో ఉంటూ ఎందుకు మాట్లాడుకోవడం లేదన్నావు. రెండూ ఒకటే కథ.

ఆ చెట్టు మన పెరట్లోదే అయినా కొమ్మలు గోడ దాటి అన్నయ్య డ్రైవింగ్ స్కూలు కార్ల మీదికి వెళ్ళేవి. పిట్టలు పళ్ళు తినడం, తెల్లటి కార్ల మీద ఊదా మరకలు వెయ్యడం. కొట్టించేద్దామని అన్నయ్య ఎన్నోసార్లు అడిగాడు. తనుండగా దాని జోలికి రావద్దని అమ్మ ఖచ్చితంగా చెప్పింది. చూపు పోయాక ఆవిడకి పొద్దు పొడిచినట్టు తెలిసేది ఆ పిట్టల పోట్లాటతోనే. అవి మొదలుపెట్టగానే, ఇక లేవమని నన్ను కేకేసేది.

తుంటి ఎముక విరిగి అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను పక్కనే ఉన్నాను. తిరిగొచ్చి అంబులెన్సు దిగేసరికి పెరడు బోసిగా ఉంది. సందులో కొమ్మలు గుట్టగా పడున్నాయి. మొదలు మీద రంపం గీతలు, చుట్టూ పచ్చి పొట్టు. స్ట్రెచర్‌కి ఒక పక్క చెయ్యి వేసి మోస్తూనే అన్నయ్య నా చెవిలో అన్నాడు: "గాలికి పడిందని చెప్పు. ఆవిడకి లేనిపోని బాధ ఎందుకు?"

చెత్తబండి వచ్చేలోపు ఎన్ని కొమ్మలు ఏరగలనో అన్నీ ఏరి, తడి గోనెపట్టాలో చుట్టి దాచాను.

పిట్టలేవని అమ్మ అడిగితే, కాయలు అయిపోయాయని అబద్ధం చెప్పాను. ఒకరోజు కొమ్మ గుచ్చిన డబ్బా ఒకటి ఆవిడ మంచం పక్కన పెట్టి పనిలో పడ్డాను. తిరిగొచ్చేసరికి అమ్మ చెయ్యి దాని మీద ఉంది. ఆకు నిమిరింది. కోసిన చివర బొటనవేలితో తడిమింది.

"కొట్టించేశాడా?" అంది.

నేను డబ్బా అందుకోబోయాను.

"వాణ్ణి ఏమీ అనకు."

"అననమ్మా."

ఆ తర్వాత కిటికీ తెరవమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. పోయిన రోజున కూడా అది మూసే ఉంది. గాలివాన అని ఫోనులో నీకు చెప్పింది నేనే చెల్లాయ్. వానా లేదు, గాలీ లేదు. అమ్మ పోయిన దుఃఖంలో ఉన్న నీ మీద ఇదీ వెయ్యలేకపోయాను.

అమ్మకిచ్చిన మాట తప్పలేదు. ఈ రోజు దాకా అన్నయ్యని పల్లెత్తు మాట అనలేదు.

మూడో విడత వేళ్ళు పట్టింది. అన్నయ్యకి ఎదురింటి టైలరమ్మకి ఒక మొక్క ఇచ్చాను. వెనకింటి మీసాల కండక్టరుకి ఇచ్చాను. అవతలి పక్కనున్న పసిపిల్లల బడి టీచరుకి ఇస్తే ఆవిడ ఎంత సంబరపడిందో. ఎవరికీ అబద్ధం చెప్పలేదు. పండు తియ్యగా ఉంటుందన్నాను, నిజమే కదా. ఎక్కడ నాటితే బాగా ఎండ తగులుతుందో మాత్రం నేనే వెళ్ళి చూపించాను. చిత్రంగా అందరికీ అన్నయ్య గోడవైపే ఎండ బాగా వచ్చింది.

మల్బరీకి పెరగడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ ఏడు అన్నీ విరగకాశాయి. ఇదివరకు మరకలు ఒకవైపు నుంచే వచ్చేవి, ఇప్పుడు అన్ని వైపులనుంచీ. కార్లకి ముసుగులు కొన్నాడు. ముసుగులూ ఊదారంగే అయ్యాయి. పోయిన వారం గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇదంతా నా మీద కక్షతోనే కదా?" అన్నాడు.

"మొక్కలు పెంచుకుంటున్నాను అన్నయ్యా. అడిగినవాళ్ళకి ఇస్తున్నాను."

"నేను అడగలేదుగా."

"నీకు ఇవ్వలేదుగా" అన్నాను.

అది నిజమే, నేను ఇవ్వలేదు. అడిగి పట్టుకెళ్ళింది వదిన. వర్షాల ముందు వెనక గుమ్మంలోంచి వచ్చి సంచి చాపింది. "చెట్టు కొట్టించొద్దని కాళ్ళా వేళ్ళా పడ్డాను. నన్ను వంటింట్లో నిలబెట్టి తలుపు గడియపెట్టి మరీ కొట్టించారు" అంది. తీసుకెళ్ళి, ఏదో పూలమొక్క అని చెప్పి, అన్నయ్య ఆఫీసు గది కిటికీ ముందే నాటింది. అన్నయ్య చెట్టు కొట్టించాడే గానీ, దాని ఆకు ఎలా ఉంటుందో ఏనాడూ దగ్గరగా చూసినవాడు కాదు.

నిన్న పొద్దున్న మేడ మీంచి చూశాను. మొక్క ఒక పక్కకి ఒరుగుతోందని పక్కన కర్ర పాతి, మెత్తటి గుడ్డపీలికతో జాగ్రత్తగా కడుతున్నాడు. కట్టి, చెంబుతో నీళ్ళు పోసి, మొదట్లో మట్టి కూడా ఎగదోశాడు.

అన్నయ్యకి ఉత్తరం రాస్తే ఈ ఊసెత్తకు.

ఇట్లు,
మాట తప్పని నీ అక్క.