సొన కారని చిక్కం

ఏవండీ,

పప్పు కుక్కర్లో ఉంది, అన్నం ఒక్కటి వండుకోండి. మామయ్యగారికి నాలుగింటికి కంట్లో చుక్కలు వేయడం మర్చిపోకండి. నేను మైలవరం బస్సుకి వెళ్తున్నాను, చీకటి పడేలోపు వచ్చేస్తాను.

టేబుల్ మీదున్న పేటెంట్ కాగితాలు ఇక పోస్టు చేయక్కర్లేదు. మొదటి దరఖాస్తు పెట్టాక పూర్తి వివరాలు పంపడానికి ఇచ్చిన ఏడాది గడువు సోమవారంతో అయిపోతుందని, అవి రాయడానికి కూర్చుని రూల్స్ పుస్తకం మళ్ళీ చదివాను. మొదటి దరఖాస్తు అందకముందే సంగతి పేపర్లో పడితే ఇక అది కొత్తది కాదట. మామయ్యగారు విలేకరిని బతిమాలి వేయించిన ఫోటో పడింది నిరుడు ఏప్రిల్ నాలుగున. మన దరఖాస్తు చెన్నైలో అందింది పన్నెండున. ఫోటోలో నా చేతిలో మామిడికాయలు కోయడానికి నేను చేసిన చిక్కం ఉంది. సొన కాయ మీద కారకుండా తొడిమ కోసే బ్లేడు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. అదెలా పనిచేస్తుందో కింద వివరంగా రాశారు.

ఆ దరఖాస్తు కవరు నేను మార్చి ఇరవైకే సిద్ధం చేశాను. మూఢం వెళ్ళాక పంపుదామన్నది మీరు.

మైలవరంలో కోతలు మొదలయ్యాయట. ఏడాదిగా ఎవరికీ చూపించకుండా అటక మీద దాచిన చిక్కాన్ని ఆ తోటవాళ్ళకి ఇచ్చేసి వస్తాను. చూసి ఎవరైనా చేయించుకోనీండి. ఇంకోటి ఏదైనా చేయమని మాత్రం నన్ను అడగకండి.

మామయ్యగారు అడిగితే కాగితాలు పోస్టు చేశామని చెప్పండి.

జ్ఞానేశ్వరి

హాల్లో ఆ పేపర్ కటింగ్ ఫ్రేము తీయకండి. పొద్దున్నే కళ్ళజోడు కూడా పెట్టుకోకముందే ఆయన తుడిచేది దాన్నే.