వాగ్దాన వచనమే పాస్‌వర్డ్

సాల్మన్ బాబాయికి వందనాలు.

నన్ను హైదరాబాద్ ఉద్యోగానికి పంపలేదన్న కోపంతో చర్చి కంప్యూటర్‌కు నేనే తాళం వేశానని ఇంట్లో అందరూ నమ్మారు. కృపమ్మ నాయనమ్మయితే నా ముందే అంది: "గ్రేస్ పెండ్లి ఆపనీకే గిట్ల జేసింది. దాని మొఖం జూడుండ్రి!" సంఘం రిజిస్టరంతా రెండేళ్లు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. అందులోంచి మీ అమ్మాయి గ్రేస్ బాప్తిస్మం సర్టిఫికెట్ రాకపోతే ఈ ఆదివారం చర్చిలో పెళ్లి ప్రకటన చదవరని, పెళ్లి ఆగుతుందని నాకు తెలియదా?

మిమ్మల్ని అడిగితే, "నేనేం ముట్టలే బిడ్డా. ప్రార్థన జేసి తొమ్మిదిసార్లు తెరిచిన, లోపటికి రానిస్తలేదు" అన్నారు.

ఈరోజు చర్చి ఆఫీసుకెళ్తే, మానిటర్‌కు ఈ కొత్త సంవత్సరానికి చర్చిలో ఇచ్చిన బైబిలు వాగ్దాన వచనం కార్డు అంటించి ఉంది. వచనం నంబరు చుట్టూ మీ ఎర్ర పెన్ను గీత. కొత్త సంవత్సరం కదా అని రిజిస్టరుండే డేటాబేస్ పాస్‌వర్డ్‌ను మీరే ఆ వచనం నంబరుకు మార్చారు. కానీ దాన్ని తెరిచే పేజీ ఒక ఫైల్లో చూసి డేటాబేస్‌కు పాస్‌వర్డ్ చెబుతుంది. ఆ ఫైల్లో పాతదే ఉండిపోయింది. అలాంటప్పుడు ఉపవాసముండి తెరిచినా రానివ్వదు, బాబాయ్. నేను ఆ నంబరు ఫైల్లో రాయగానే తెరుచుకుంది.

గ్రేస్ సర్టిఫికెట్ పాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఏం జరిగిందో నాయనమ్మకు మీరే చెప్పండి.

పాస్‌వర్డ్ మళ్లీ మార్చాను. ఇకనుంచి మీ పేరుతో తెరిస్తే రిజిస్టరు చూడొచ్చు, దేన్నీ మార్చలేరు. ఆ హైదరాబాద్ ఉద్యోగం వాళ్లు మళ్లీ పిలిచారు. సోమవారం కాజీపేటలో రైలెక్కుతున్నాను.