చవక లెన్సు

బుధవారం, రాత్రి

కాపరి ఓబులేసు పాటను చిత్రీకరించడానికి ఉదయం ముదిగుబ్బ చేలలోకి వెళ్ళాను. వీడియో కెమెరాకు అడాప్టరుతో బిగించినది చవకగా దొరికిన పాత లెన్సు. ఫోకసు ఉంగరాన్ని చేతితోనే తిప్పాలి. ఓబులేసు ముఖం మీద ఫోకసు నిలిపాను.

గొర్రెలు తన వేరుసెనగలో పడ్డాయన్న కోపంతో రాఘవ, పదేళ్ళు నా వద్ద పద్యం నేర్చిన శిష్యుడు, మాటైనా పలుకకుండా ఓబులేసు వెనుక నుంచి వచ్చి అతని తల మీద గడ్డపారతో కొట్టాడు. పుర్రె పగిలిన చప్పుడు విన్నాను. నేలకూలినవాణ్ణి మరి రెండుసార్లు కొట్టాడు. నా పంచె మీద నెత్తురు చిమ్మింది.

సాయంత్రం ఓబులేసు భార్య ఆసుపత్రి నుంచి వచ్చి వీడియో చూసింది. ఆయనకింకా స్పృహ రాలేదట.

"కొట్టినోని మొగమే తెలీలేదు సామీ! మీరూ గుర్తుపట్టలేదంటిరి, పోలీసోళ్ళు మొగం కావల్లంటాండారు. మా ఆయప్ప నీళ్ళ మాదిరి తేటగా ఉండాడే, వాడేమి పొగ మాదిరి ఉండాడు?"

ధర్మం బోధించిన నోటితోనే, "చవక లెన్సమ్మా, అంతే," అన్నాను.

నమ్మింది. నాకు మొక్కి వెళ్ళింది.

ఉంగరాన్ని వేలెడు తిప్పితే రాఘవ ముఖం తేటపడేది. నా చేయి దాని మీదే ఉంది. మూడు దెబ్బలూ పడేదాకా కదలనివ్వలేదు.