పదమూడో ఎక్కం ముగిసేదాకా

డిసెంబరు 9, మంగళవారం
వంటింటి బల్ల దగ్గర నుంచి

గౌరవనీయురాలైన చెల్లెలికి అన్నయ్య సవినయంగా రాయునది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ క్షేమమని తలుస్తాను.

తోబుట్టువుల మధ్య రెండేళ్ళకు పైబడి మాటలు లేనప్పుడు ఉత్తరం ఏ పద్ధతిలో రాయాలో ముందుగా నిర్ధారించుకోవడం ఉచితం. మొదట క్షేమసమాచారం, పిదప విషయం, ఆపైన విన్నపం, చివర సంతకం. కన్నీళ్ళు తదితర ద్రవపదార్థాలు కాగితం మీద పడరాదు. ఇరవై ఆరేళ్ళుగా రికార్డు గదిలో పనిచేస్తున్నవాణ్ణి గనుక ఈ క్రమం తప్పలేను. తప్పితే ఏమవుతుందో నాకు తెలియదు. ఎన్నడూ తప్పి చూడలేదు.

విషయం: అమ్మ చేసే క్రిస్మస్ కుకీలు, వాటి తయారీలో నా వైఫల్యాలు.

మొన్న ఆదివారం అమ్మ వంటల నోటుపుస్తకం తీశాను. వెన్న, పంచదార, మైదా కొలతలు స్పష్టంగానే ఉన్నాయి. అల్లం పొడికి ఎదురుగా మాత్రం ‘ఆయన తుమ్మనంత’ అని ఉంది. తుమ్మడానికి ఇప్పుడు నాన్న లేరు కనుక ఆ బాధ్యత నేనే స్వీకరించాను. కాల్చే సమయం దగ్గరికొచ్చేసరికి అమ్మ ఇలా రాసింది: ‘చిన్నది పదమూడో ఎక్కం ముగించేదాకా.’

నీకు గుర్తుండే ఉంటుంది. మన ఇంట్లో ఉన్న ఒక్క గడియారం ముందుగదిలో వేలాడుతూ తనకు తోచిన సమయం చూపించేది. అందుకని ట్రే లోపల పెట్టగానే అమ్మ నిన్ను ఓవెన్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టించేది. పదమూడును ఏడుతో హెచ్చించే చోట నువ్వు ఆగిపోయేదానివి. పైకప్పు వైపు చూసేదానివి. నాన్న జాలిపడి తొంభై ఒకటి అని గొణిగేవారు. మీరు అందించకండి మహానుభావా, అడుగు పచ్చిగా ఉండిపోతుంది అని అమ్మ కసిరేది. వెన్నలాగే నీ తడబాటు కూడా ఆ వంటలో ఒక దినుసు.

నా ప్రయత్నాల వివరం. మొదటి ట్రేకి ఎక్కాలన్నీ ఒక్క తప్పు లేకుండా, రిజిస్టరు చదివే ధోరణిలో అప్పజెప్పాను. పిండి పిండిలాగే బయటికి వచ్చింది. ఎక్కాలెందుకండీ మీ మొహం, ఫోన్లో టైమర్ పెట్టుకోక అంది మీ వదిన. టైమర్‌కి తడబడడం రాదే అన్నాను. ఆవిడ దండం పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. రెండో ట్రేకి నీ తడబాటును కూడా చేర్చాను. ఎంతసేపు ఆగాలో తెలియక నిలబడి ఆలోచనలో పడ్డాను. ఈలోగా పొగ కమ్మేసింది. నీ మేనకోడలు దగ్గుకుంటూ కిటికీలు తెరిచి, మమ్మల్నిలా చంపే బదులు అత్తని పిలవొచ్చుగా నాన్నా అంది.

నేను ఆలోచించినది ఏమిటో చెబుతాను. ఆ ఎక్కం నీకు ఎనిమిదో ఏటే వచ్చేసింది. క్లాసులో గడగడా అప్పజెబుతున్నావని మీ టీచరమ్మ బజార్లో కనబడి నాతో అంది. ఇంట్లో ఓవెన్ ముందు మాత్రం అదే చోట, అంతే సేపు, ఏటేటా ఆగుతూనే ఉన్నావు. అమ్మ కుకీలు చెడిపోకూడదని. ఆ సంగతి నువ్వెవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అటువంటి నువ్వు, అమ్మ పోయిన నెలకు ఈ పుస్తకం అడిగితే, దరఖాస్తు రాసివ్వు, పరిశీలిస్తాం అన్నాను. నవ్వుతావనుకున్నాను. అమ్మ పుస్తకానికి నేను దరఖాస్తు పెట్టుకోవాలా అన్నయ్యా, నీ ఆఫీసుని నెత్తిన పెట్టుకుని నువ్వే ఊరేగు అని విసవిసా వెళ్ళిపోయావు. ఆ కోపంలో చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకున్నావు. వెనక్కి పిలిచి చెప్పాలనుకున్నాను. నువ్వు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడిపోయాను.

విన్నపం: క్రిస్మస్‌కు ముందు ఆదివారం వచ్చి ఎక్కాలు చదవవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
విధేయుడైన
నీ అన్నయ్య

తా.క.: పద్ధతి ప్రకారం పైన రాయవలసింది రాయలేకపోయాను. నువ్వు వెళ్ళిన వారానికే నీ దరఖాస్తు పోస్టులో నాకు అందింది. తేదీ, సంతకం అన్నీ సక్రమంగా ఉన్నాయి. కారణం అన్నచోట ‘అమ్మ చేతిరాత చూడాలనిపిస్తోంది’ అని రాశావు. నా ఉద్యోగంలో అంత లోపం లేని దరఖాస్తు చూడలేదు. అయినా జవాబివ్వలేదు. పుస్తకం నీ చేతికొచ్చేస్తే ఇక మా గడప తొక్కే పని నీకుండదని భయపడ్డాను. పుస్తకాన్ని పట్టుకుని కూర్చున్నాను, నిన్ను వదులుకున్నాను. క్షమించు.

పుస్తకాన్ని ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. నకలు తీసుకోలేదు. కనుక నువ్వు ఇక్కడికి రావలసిన అవసరం ఇప్పుడు ఏమీ లేదు. అవసరం లేకపోయినా రా.

వచ్చేటట్లయితే ఒక్క నిబంధన. తలుపు తట్టరాదు. తట్టినవారు చుట్టాలుగా పరిగణింపబడి, కుర్చీ వేయబడి, మంచినీళ్ళు ఇవ్వబడి, ఒక్క కుకీ కూడా లేకుండా సగౌరవంగా సాగనంపబడుదురు. ఈ నిబంధన అంతిమం. దీనిపై అప్పీలు లేదు.