మార్లిస్ చేతులు

జనవరి 9
కొత్త ఎమ్మారై యంత్రానికి కాయిల్ సిద్ధమైంది. ఒంట్లోకి రేడియో తరంగాలు పంపేది అదే. తేడా వస్తే ఒళ్ళు కాలుతుంది. అందుకే మనిషి కంటే ముందు కంప్యూటర్‌లో ఒక ఒంటి మోడల్‌ని పడుకోబెట్టి చూస్తాం.

మా మోడల్ మార్లిస్ హాగెన్. మా చీఫ్ వెర్లిన్ భార్య. అప్పట్లో తక్కువ బలమున్న పాత యంత్రంలో ఆమెను స్కాన్ చేసి దీన్ని తయారుచేశారు. ఆమె పోయి నాలుగేళ్ళు. ఎముకలు, కొవ్వు, గుండె నా ఫైల్‌లో ఉన్నాయి.

స్కాన్‌లో ఆమె చేతులు పొట్ట మీద ఉన్నాయి, వేళ్ళలో వేళ్ళు. మధ్యలో సన్నటి గ్యాప్ పెట్టాను. చర్మం చర్మానికి అంటుకుంటే లెక్క తెమలదు. ఈ పనిలో అందరం చేసేదే.

జనవరి 10
వేళ్ళు కలిసి ఉన్నాయి. సేవ్ చెయ్యలేదేమో. మళ్ళీ విడదీశాను.

జనవరి 11
మళ్ళీ కలిశాయి. నిన్న సేవ్ చేశాను.

వెర్లిన్‌కి చెప్పాను. బయట నదే గడ్డకట్టింది సిగ్రిడ్, నీ కంప్యూటర్‌కి మాత్రం చలెయ్యదా ఏంటి, అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు.

విడదీసి సిమ్యులేషన్ నడిపాను. ఎక్కడా వేడి లేదు. ఇక మనిషితో పరీక్ష. కాయిల్ చేసినవాళ్ళే ముందు పడుకోవాలని మా ల్యాబ్ ఆచారం. ఈసారి వెర్లిన్.

జనవరి 12
కలిసే ఉన్నాయి. ఈసారి విడదీయలేదు. అలాగే నడిపాను.

రెండు చేతులూ ఛాతీతో కలిసి ఒక చుట్టు అయ్యాయి. కరెంటు అందులో తిరిగింది. వేళ్ళు తాకినచోట ఎర్రటి చుక్క. బొబ్బ లేచే వేడి.

వెర్లిన్‌ని పిలిచి చూపించాను. నేనే కలుపుతున్నా, అన్నాడు. ఆ స్కాన్ గొట్టంలో మార్లిస్ భయపడిపోయింది, చెయ్యి పట్టుకుంటానంటే నన్ను రానివ్వలేదు, అద్దం అవతల నిలబెట్టారు, చివరికి తన చెయ్యి తనే పట్టుకుంది, నువ్వు రోజూ వచ్చి విడదీస్తుంటే నన్నెలా చూడమంటావు, అన్నాడు.

పరీక్షలో మీరెలా పడుకుంటారు, అని అడిగాను.

కిందికి చూసుకున్నాడు. వేళ్ళలో వేళ్ళున్నాయి.

జనవరి 16
ఆయన రెండు చేతుల మధ్య మందపాటి నురగ దిండు పెట్టి కట్టాం. అంత ఎడంతో లెక్క ముందే చూశాను. వేడి లేదు. పసిపిల్లాణ్ణి చేశారు కదర్రా, పాలసీసా కూడా ఇవ్వండి, అన్నాడు. అద్దం అవతల నేను నిలబడ్డాను.

అదే రోజు, సాయంత్రం
రెండు చేతులకీ వేడి కొలిచే సెన్సార్లు పెట్టాం. రెండింటిలోనూ వేడి పెరగలేదు.

కుడి చెయ్యి ఎవరో పట్టుకున్నట్టు వెచ్చగా ఉందన్నాడు వెర్లిన్. అదొక్కటే. దిండు విప్పి చాలాసేపైంది, ఇంకా ఆ పిడికిలి తెరవలేదు.